రహస్యం ఆయనది, బిందెలు మీవి

పల్నాడు వైపు ఒక చిన్న పట్టణం నుంచి వచ్చింది ఈ ఉత్తరం. పేరూ ఊరూ వద్దన్నారు. వయసు 31, ప్రైవేటు స్కూల్లో టీచర్. ఆరేళ్ళ పాప, మూడేళ్ళ బాబు. భర్తకు ఎరువుల దుకాణం. అత్తగారు వీళ్ళతోనే ఉంటారు.

నెలసరి తప్పితే కిట్‌తో చూసుకున్నారు. రెండు గీతలు. మూడో బిడ్డ వద్దని భార్యాభర్తలిద్దరూ ఒకే మాట మీదున్నారు. గుంటూరులో ఒక నర్సింగ్‌హోమ్‌కు వెళ్ళి ఎనిమిదో వారంలో సక్షన్ పద్ధతిలో, అంటే సన్నని గొట్టంతో లోపలిది పీల్చి తీసే పద్ధతిలో, అబార్షన్ చేయించుకున్నారు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చారు. ఆ రాత్రి అన్నం వండింది ఆవిడే. ఎందుకంటే ఇంట్లో ఎవరికీ తెలియదు. "అమ్మకు తెలిస్తే ఊరుకోదు" అని భర్త ముందే ఒట్టు వేయించుకున్నారు. 'ఒక కన్ను కన్నూ కాదు, ఒక కొడుకు కొడుకూ కాదు' అని ఏడాదిగా అంటున్న మనిషి ఆ అత్తగారు. అందుకని నెలసరి గడబిడగా ఉంటే గర్భసంచి కడిగారని చెప్పారట.

ఉత్తరం రాసేనాటికి పదో రోజు. నాలుగో రోజుకు బ్లీడింగ్ ఆగింది. ఏడో రోజు కుళాయి దగ్గర్నుంచి రెండు బిందెలు మేడ మీదికి మోసి, నీళ్ళ క్యాన్ ఎత్తి స్టాండ్ మీద పెట్టారు. ఆ రాత్రే మళ్ళీ మొదలైంది, నడుములోంచి నొప్పి. రోజుకు మూడు నాలుగు ప్యాడ్లు, అవీ నిండా తడవడం లేదు. తొమ్మిదో రోజు అనుమానం ఆగక మళ్ళీ కిట్ తెచ్చి చూస్తే మళ్ళీ రెండు గీతలు. నర్సింగ్‌హోమ్‌కు ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో అమ్మాయి "మామూలేనండీ, మేడం లేరు" అని పెట్టేసింది. చేతిలో ఉన్న కాగితం మీద మందుల పేర్లు తప్ప ఏమీ లేవు.

ఇంతలో కార్తీక మాసం. పూజగది వైపు వెళ్ళకుండా ఇన్నాళ్ళు దూరంగా ఉంటే "ఇంకా తగ్గలేదా?" అని అత్తగారు రోజూ అడుగుతున్నారు. అక్కడితో ఆగలేదు. తనకు ముప్ఫై అయిదేళ్ళకే గర్భసంచి తీసేశారనీ, ఈ తిప్పలన్నీ ఎందుకు, నువ్వూ తీయించేసుకోమనీ, పౌర్ణమి వెళ్ళగానే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాననీ అంటున్నారు. పౌర్ణమికి అమరావతి వెళ్ళి కృష్ణలో స్నానాలు చేయాలన్నది ఇంకో ఏర్పాటు. భర్తేమో ఎనిమిదో రోజు రాత్రి దగ్గరికి వచ్చారు. వద్దంటే మూతి ముడుచుకుని రెండు రోజులుగా మాట్లాడటం లేదు.

"లోపల ఏమైనా మిగిలిపోయిందా? అత్తయ్యకు నిజం చెప్పేయాలా? నాకు ఏడుపు రాలేదు, హాయిగా అనిపించింది, నేను రాతిమనిషినా? ఇప్పుడు ఆయన నన్నే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోమంటున్నారు, ఏం చేయను?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

ముందు మీ ఒంటి సంగతి చూద్దాం. అత్తయ్య, ఆయన ఎక్కడికీ పోరు.

సక్షన్ తర్వాత బ్లీడింగ్ అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి రెండు మూడు రోజుల్లో ఆగుతుంది, కొందరికి రెండు వారాల దాకా కొద్దికొద్దిగా అవుతుంది. కొన్ని రోజులు ఆగి మళ్ళీ మొదలవడం, తర్వాతి నెలసరి వరకూ అప్పుడప్పుడూ మరకలు కనిపించడం కూడా మామూలే. బరువులు ఎత్తితే, ఎక్కువసేపు నిలబడితే పెరుగుతుంది. మీరు రాసింది చూస్తే అదే జరిగినట్టుంది. బిందెలు ఎత్తినంత మాత్రాన గర్భసంచి జారిపోదు. ఈ పద్ధతిలో లోపల కుట్లు వేయరు కాబట్టి తెగిపోయేదీ ఏమీ లేదు. ఇంకో వారం పది రోజులు బిందెలు, క్యాన్లు, బాబును చంకనేసుకుని మెట్లెక్కడం మానేయండి. వంట, నడక, స్కూలు పాఠం, ఒళ్ళు సహకరించినంత వరకూ పరవాలేదు.

కిట్ చూసి భయపడకండి. గర్భంతో ఉన్నప్పుడు తయారైన హార్మోన్ ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి నాలుగు వారాలు పట్టవచ్చు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే. తొమ్మిదో రోజు రెండు గీతలు రాకపోతేనే ఆశ్చర్యం. వాంతులు, వికారం తగ్గాయా లేదా అన్నది దానికంటే మంచి ఆనవాలు. తగ్గకుండా అలాగే ఉంటే మాత్రం స్కాన్ చేయించాలి.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన వాక్యం వేరే ఉంది. "జ్వరం ఉందో లేదో తెలియదు, ఇంట్లో థర్మామీటర్ లేదు" అన్నారు. ఇవాళే మందుల షాపులో ఒకటి తెప్పించుకోండి. 100.4 డిగ్రీలు, అంతకుమించి ఉంటే ఆగకూడదు. గంటకు రెండు ప్యాడ్లు చొప్పున వరసగా రెండు గంటలు పూర్తిగా తడిసినా, నిమ్మకాయంత గడ్డలు పడినా, దుర్వాసనతో తెల్లబట్టలాగా అయినా, నొప్పిమాత్ర వేసుకున్నా కడుపునొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నా ఆసుపత్రికి వెళ్ళాలి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. నర్సింగ్‌హోమ్ ఫోన్ ఎత్తకపోతే ప్రభుత్వాసుపత్రి ఉంది, 108 ఉంది.

అవేవీ లేకపోయినా ఈ వారంలో ఒకసారి డాక్టర్‌కు చూపించుకోండి. ఆ నర్సింగ్‌హోమ్‌కే నేరుగా వెళ్ళి కూర్చోవచ్చు, వాళ్ళ దగ్గర మీ వివరాలన్నీ ఉంటాయి. లేదంటే ఇంకో గైనకాలజిస్టు. స్కాన్‌లో కాస్త గడ్డలు కనిపించినంత మాత్రాన మళ్ళీ కడగాల్సిన పని లేదు, మీ నొప్పి, బ్లీడింగ్, జ్వరం చూసి నిర్ణయిస్తారు. వెళ్ళినప్పుడు ఏం చేశారో, ఎన్నో వారంలో చేశారో రాసిన కాగితం అడిగి తీసుకోండి. మీ బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే, తర్వాతి గర్భాలకు ఇబ్బంది రాకుండా ఇచ్చే యాంటీ-డీ ఇంజెక్షన్ సంగతి కూడా అడగండి. మామూలుగా 72 గంటల్లోపు ఇస్తారు, ఇవ్వకపోయి ఉంటే ఆ మాట దాచకుండా చెప్పాలి.

ఏ డాక్టర్ దగ్గరకు వెళ్ళినా నిజమే చెప్పండి. నెలసరి సమస్య అని చెబితే వాళ్ళు ఆ దారిలోనే వెతుకుతారు. చట్టం గురించి భయమేమీ వద్దు. 1971 నాటి చట్టం ప్రకారం గుర్తింపు ఉన్న చోట అర్హత ఉన్న డాక్టర్ చేసే అబార్షన్ నేరం కాదు. 2021 సవరణ తర్వాత 20 వారాల వరకూ ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు. 18 ఏళ్ళు దాటిన స్త్రీ సంతకం ఒక్కటే కావాలి, భర్త సంతకం అడగాల్సిన పనే లేదు. మీ వివరాలు బయటపెట్టిన డాక్టర్‌కు ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. అబార్షన్ అంటే "పోలీసు కేసవుతుంది" అని మీ అక్క ఎప్పుడో అన్నారని రాశారు, అది బహుశా స్కాన్‌లో ఆడా మగా చెప్పించుకోవడం గురించి అయుంటుంది. అది వేరే చట్టం, 1994 నాటిది.

మందుల దగ్గర ఒక్క మాట. యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే నొప్పి తగ్గింది కదా అని మధ్యలో ఆపకండి. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పిమాత్ర పరగడుపున వేసుకుంటే కడుపులో మంట. కాబట్టి ఈ కార్తీక సోమవారాల ఉపవాసం ఈసారికి మీకు లేదు. ఐరన్ మాత్ర టీతోనో పాలతోనో మింగితే ఒంటికి పట్టదు, నిమ్మరసం నీళ్ళతో వేసుకోండి. పథ్యం అంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు అన్నీ తినొచ్చు. ఇంట్లో గోరువెచ్చని నీళ్ళతో స్నానం రోజూ చేయండి. నదిలో మునకలు మాత్రం బ్లీడింగ్ పూర్తిగా ఆగేదాకా వద్దు, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. ఆ అమరావతి బస్సు మీరు లేకుండానే వెళ్ళనివ్వండి. ప్యాడ్లే వాడండి, కప్పు, టాంపూన్ వద్దు.

ఇప్పుడు అత్తయ్య సంగతి.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు అర్థమైంది, మీకు కావలసిన విశ్రాంతి పెద్దదేమీ కాదు. పది రోజులు బరువు ఎత్తకపోతే చాలు. ఆ చిన్నపాటి విశ్రాంతి కూడా దొరకకపోవడానికి కారణం, దాన్ని అడగడానికి ఇంట్లో మీకు నోరు లేకుండా చేశారు. ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయమే. దాన్ని దాచాలన్నది మాత్రం ఆయన షరతు. దాచడానికి అయ్యే ఖర్చంతా మీ ఒంట్లోంచి పోతోంది. రహస్యం ఆయనకు కావాలంటే ఉంచుకోమనండి, బిందెలు కూడా ఆయన్నే మోయమనండి. ఎరువుల బస్తాలు దించే చేతులే కదా!

చెప్పడమా, మానడమా అంటే మీ ముందు కొన్ని దారులున్నాయి. ఏదీ ఉచితం కాదు.

ఉన్నదున్నట్టు చెప్పేయడం ఒకటి. గొడవ అవుతుంది, అందులో సందేహం లేదు. 'నా మనవణ్ణి' అంటూ ఏడుపులు, చుట్టాలకు ఫోన్లు, కొన్ని నెలలు ముభావం. కానీ దాచాల్సింది ఇక ఉండదు, గర్భసంచి ఆపరేషన్ మాటా ఆగిపోతుంది. ఈ దారి ఎంచుకుంటే చెప్పాల్సింది మీరు కాదు, ఆవిడ కొడుకు. "మేమిద్దరం అనుకుని చేశాం, దాన్నేమీ అనకు" అని ఆయన నోటితో రావాలి. మీరు చెబితే తప్పు చేసిన కోడలు అవుతారు. ఆయన చెబితే కొడుకు నిర్ణయం అవుతుంది. అన్యాయమే, కానీ మన ఇళ్ళు ఇలాగే నడుస్తున్నాయి. ఇంకోటి, ఒంట్లో శక్తి లేని ఈ వారమే చెప్పాలని లేదు.

గర్భం వచ్చింది, నిలవలేదు, అందుకే కడిగారు అని చెప్పడం రెండోది. చాలామంది చేసే పని ఇదే. విశ్రాంతి వెంటనే దొరుకుతుంది, చేతికి వేడివేడి పాలగ్లాసు కూడా వస్తుందేమో. దాంతోపాటు ఓదార్పులు, మొక్కులు, "మళ్ళీ ప్రయత్నించండి" అనే ఒత్తిడి వస్తాయి. మూడోది వద్దనుకున్న మీకు అది నెలనెలా తగిలే ముల్లు. ఈ అబద్ధం తప్పని నేను అనను. కాకపోతే ఇప్పుడున్న అబద్ధం మీద ఇంకోటి చేర్చి రెండూ గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడున్నట్టే ఉండిపోవడం కూడా ఒక దారే. అయితే ఒక చిన్న సవరణ కావాలి. "డాక్టర్ రెండు వారాలు బరువులు ఎత్తొద్దన్నారు, గర్భసంచి బాగానే ఉంది, తీయాల్సిన పని లేదన్నారు" అని మీ ఆయన మీ ముందే వాళ్ళమ్మతో చెప్పాలి. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం ఉండక్కర్లేదు, ఈ వారం డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు అడిగి చెప్పించుకుంటే సరి.

లేదా మీ అమ్మగారింటికో అక్క దగ్గరికో ఓ వారం వెళ్ళడం. పాప స్కూలు ఒక చిక్కు. ఈ సమయంలో ఎందుకు వెళ్తోందని అనుమానం ఇంకో చిక్కు. ఒళ్ళు కుదుటపడటానికి మాత్రం ఇంతకంటే సులువైనది లేదు.

నా మొగ్గు అడిగితే, ఇప్పటికి మూడోది, మీరు కోలుకున్నాక ఆయన నోటితో మొదటిది. మీ అత్తగారు ఎలాంటి మనిషో మీకే బాగా తెలుసు కాబట్టి నా మొగ్గుకు అంత విలువ ఇవ్వకండి. ఏ దారిలో వెళ్ళినా ఒక పని మాత్రం తప్పదు. మీ దగ్గర్లో ఉండే ఒక్క ఆడమనిషికైనా, అక్కో, స్కూల్లో తోటి టీచరో, జరిగింది మొత్తం తెలిసి ఉండాలి. అర్ధరాత్రి మీరు కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో సరైన మాట చెప్పే మనిషి కావాలి. ఆ సమయానికి మీ ఆయన ఊళ్ళో ఉంటారో లేదో!

గర్భసంచి తీయించడం గురించి ఖచ్చితంగా చెప్తాను, ఇది దారుల లెక్కలోకి రాదు. ఆ డాక్టరమ్మ దగ్గరికి అత్తయ్యతో వెళ్ళకండి. వెళ్తే గదిలో మీ పక్కన ఆవిడ కూర్చుంటారు, ఆరు నెలలుగా బ్లీడింగ్ అని ఆవిడే చెప్తారు, మీరు కాదనలేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తొలగింపులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఆంధ్ర, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. చిన్న వయసులోనే, చిన్న కారణాలకే తీయించుకున్నవాళ్ళు ఊరూరా కనిపిస్తారు. అత్తయ్యది దురుద్దేశం అనుకోను. ఆవిడ తరానికి ఆడవాళ్ళ ప్రతి బాధకూ డాక్టర్లు చూపించిన మందు అదే. అండాశయాలు కూడా తీసేస్తే వెంటనే ముట్లుడిగిన దశ మొదలవుతుంది, ఎముకలు, గుండె దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా ఆ దశ కాస్త ముందే రావచ్చు. మీకు జబ్బే లేదు. అబద్ధానికి ఆపరేషన్ ఎక్కడైనా ఉందా?

మీ ఆయన అలక విషయానికి వస్తే, కొన్నాళ్ళు ఆగాలని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. బ్లీడింగ్ ఆగి, మీకు నొప్పి లేకుండా, మనసు ఒప్పుకునేదాకా వద్దు. డాక్టర్లు సాధారణంగా ఒకటి రెండు వారాలు అంటారు. గడువు అయింది కదా అని మీ ఇష్టం లేకుండా ఏదీ మొదలవదు, ఆ మాట మాత్రం మెత్తగా కాకుండా గట్టిగానే చెప్పండి. ఇంకో సంగతి ఇద్దరికీ తెలియాలి. నెలసరి రాకముందే మళ్ళీ గర్భం రావచ్చు. అండం విడుదల రెండు మూడు వారాల్లో, కొందరికి ఇంకా ముందే అవుతుంది. మీరు రాసిన 'జాగ్రత్తగానే ఉంటున్నాం' అన్న పద్ధతి ఒకసారి మోసం చేసింది, ఇంకోసారి నమ్మొద్దు.

కండోమ్ వెంటనే మొదలుపెట్టొచ్చు. కాపర్-టీ పదేళ్ళ దాకా పనిచేసేది ఉంది, ఈ వారం చూపించుకునేటప్పుడు ఇన్ఫెక్షన్ లేదనుకుంటే అప్పుడే వేస్తారు, మొదటి కొన్ని నెలలు బ్లీడింగ్ కాస్త ఎక్కువ ఉండొచ్చు. మూడు నెలలకోసారి తీసుకునే అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. ఇంజెక్షన్‌తో నెలసరి అస్తవ్యస్తం కావడం మామూలు, మీ ఇంట్లో అది ఇంకో 'ఇంకా తగ్గలేదా'కు దారి తీస్తుందేమో చూసుకోండి.

పిల్లలు చాలని ఖాయమైతే శాశ్వత ఆపరేషన్. ఆయన మిమ్మల్ని చేయించుకోమనడంలో వింత లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన స్త్రీలలో దాదాపు నూటికి డెబ్బైమంది చేయించుకున్నవాళ్ళే, మగవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టాలి. పనిగా చూస్తే మగవాళ్ళకు చేసే వేసక్టమీయే తేలిక. కత్తి కోత, కుట్లు లేకుండా చేసే పద్ధతి ఉంది, అదే రోజు ఇంటికి రావచ్చు. పని చేయడం మొదలవడానికి మూడు నెలలు పడుతుంది, పరీక్ష చేయించి ఖాయం చేసుకునేదాకా కండోమ్ వాడాలి. మగతనం తగ్గదు, బస్తాలు మోసే బలమూ తగ్గదు. ఇప్పుడే ఒకసారి టేబుల్ ఎక్కి దిగారు మీరు. ఈసారి వంతు ఎవరిదని అడగడంలో తప్పేమీ లేదు. ఒప్పుకోకపోతే ఆ జవాబు వచ్చేదాకా కాపర్-టీతో ఉండండి. రెండు నెలల్లోపు ఏదీ శాశ్వతంగా నిర్ణయించుకోకండి, ఇప్పుడు అందరూ టెన్షన్‌లో ఉన్నారు.

రాతిమనిషినా అని అడిగారు. మూడేళ్ళ బాబుకు రాత్రి జ్వరమొస్తే నిద్ర మాని కూర్చునే రాతిమనిషిని నేనెక్కడా చూడలేదు. అబార్షన్ చేయించుకున్న స్త్రీలను అమెరికాలో అయిదేళ్ళపాటు అడుగుతూ వచ్చిన టర్న్‌అవే అధ్యయనంలోనూ ఎక్కువమంది చెప్పింది ఊరట అనే. కొందరికి ఊరట, దిగులు రెండూ కలిసి ఉంటాయి. హార్మోన్లు ఒక్కసారిగా తగ్గడం వల్ల కారణం లేకుండా ఏడుపు రావచ్చు, మీకు ఇంకో వారానికి రావచ్చు, అసలు రాకపోవచ్చు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, పిల్లల మీద కూడా ధ్యాస లేకపోవడం, బతికి ఏం లాభం అనిపించడం ఉంటే అది ఏడుపు వచ్చిందా రాలేదా అన్న చర్చ కాదు, సాయం అడగాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

స్కూల్లో రెండు రోజులే సెలవు పెట్టారు. అబార్షన్ తర్వాత ఆరు వారాల జీతంతో కూడిన సెలవుకు చట్టప్రకారం వీలుంది. దానికి రుజువు కాగితం ఇవ్వాలి, అంటే కరస్పాండెంట్ టేబుల్ మీదికి మీ విషయం వెళ్తుంది. చిన్న ఊళ్ళో అది ఎంత దూరం పోతుందో మీకు తెలుసు. హక్కు కంటే గోప్యత ముఖ్యం అనిపిస్తే మామూలు సిక్ లీవ్ నాలుగు రోజులు పెట్టుకోండి, పాఠం కుర్చీలో కూర్చుని చెప్పండి.

మళ్ళీ పిల్లలు కావాలనుకుంటే పుడతారా అని చివర్లో చిన్న అక్షరాలతో రాశారు. ఇన్ఫెక్షన్ లాంటి ఇబ్బంది లేకుండా జరిగిన ఒక్క సక్షన్ వల్ల ఆ అవకాశం పోదు. నెలసరి నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వస్తుంది, మొదటిది కొంచెం ఎక్కువగా అవ్వొచ్చు. ఎనిమిది వారాలు దాటినా రాకపోతే కిట్‌తో చూసుకుని, అందులో ఏమొచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.